ఎనిమిదడుగుల చక్రవర్తియు, చంద్రగిరి ప్రభువును



నేను రేణిగుంటలో ముప్పదియేండ్లకు మించి బడిపంతులుగా బ్రతికి, ఇప్పుడు విశ్రాంతి గొన్నవాడను. చదివినది తిరుపతిలో సంస్కృతాంధ్రములు. బడిలో చెప్పవలసినది తెలుగు. అయినను చరిత్రోపాధ్యాయుడు సెలవుపై వెళ్లినప్పుడెల్ల ఆ గంట నా తలమీదనే పడుచుండెను. కావ్యములు చదివిన పండితుని చేతికి చరిత్ర చిక్కినచో దాని గతి యేమగునో మీరూహింపగలరు. ఏ రాజును గూర్చి చెప్పబూనినను నా నోట ప్రబంధవర్ణనమే వెలువడుచుండెను. ఆ యలవాటుచేత నేను చేసిన తప్పొకటి కలదు. దానిని దిద్దుకొనుటకే నేటి ప్రసంగము.

ఒకనాటి మధ్యాహ్నము రోమక సామ్రాజ్యమును గూర్చిన పాఠము చెప్పవలసివచ్చెను. ఎండకాలము. పిల్లలు కునికిపాట్లు పడుచుండిరి. వారిని మేలుకొలుపుటకై పాఠ్యపుస్తకములో లేని మాగ్జిమినస్ చక్రవర్తి కథ నెత్తుకొంటిని. ఎనిమిదడుగుల మనిషి, భార్య చేతి కడియము ఆతని బొటనవ్రేలికి ఉంగరమాయెను, పిడికిటి పోటుతో గుఱ్ఱము పన్ను రాలగొట్టెను, గొఱ్ఱెలు కాచి, సిపాయియై, కడకు చక్రవర్తి యాయెను. ఇంకేమున్నది, తరగతిలో నిద్దుర యెగిరిపోయెను. వెనుక బల్లమీది పిల్లవాడొకడు లేచి నిలిచెను. వాడు వయసుకు మించిన పొడగరి. తోడివారు వానిని తాటిచెట్టని యేడిపించుచుందురు. “అయ్యవారూ, మన రాజుల్లో అంత పొడుగాయన ఎవురన్నా ఉండారా?” అని వాడడిగెను. నేను తడుముకొనలేదు. “లేకేమిరా! శ్రీకృష్ణదేవరాయలు! ఏడడుగుల విగ్రహము, మోకాళ్లను దాకు చేతులు!” అంటిని. వాడు గర్వముగా నలుదెసలు చూచి కూర్చుండెను.

ఆ జవాబు తప్పు. ఎంత తప్పో తెలిసికొనుటకు నాకు చాల యేండ్లు పట్టెను. వాడడిగిన ప్రశ్నకు సరియైన జవాబు మా యూర రైలెక్కి తిరుపతి దాటినచో వచ్చు చంద్రగిరిలో నున్నది. అది సుమారు 25 కిలోమీటర్ల దూరము. అంత దగ్గరలో నున్నందుననే కాబోలు, నాకు కనబడలేదు.

మొదట ఆ రోమకుని సంగతి చెప్పెదను. గైయస్ జూలియస్ వెరస్ మాగ్జిమినస్ అనునది ఆతని పూర్తి పేరు. క్రీ. శ. 235 మొదలు 238 వఱకు మూడేండ్లు రాజ్యము చేసెను. డాన్యూబు నదికి దక్షిణమున నుండు థ్రేసు సీమవాడని చెప్పుటచేత, తరువాతివారాతనిని థ్రాక్స్, అనగా థ్రేసువాడు, అని పిలిచిరి. ఆ పిలుపులో కొంత తిరస్కారము కలదు. రోమునందలి పెద్దకుటుంబములవారికి ఆతడు చక్రవర్తియైన తరువాత కూడ కొండసీమనుండి దిగివచ్చిన గొల్లవాడే.

ఈతని పొడవును గూర్చి మనకు చెప్పువారు ముఖ్యముగా ఇద్దరు. హెరోడియను అను గ్రీకు చరిత్రకారుడు ఆతని కాలమువాడే. ఆయన కొలతలు చెప్పక, చూచినవారికి భయము పుట్టించు రూపమనియు, గ్రీకు మల్లులుగాని అనాగరక జాతుల వీరులుగాని సరిపోలలేని మహాకాయమనియు చెప్పి ఊరకుండెను. రెండవది ‘హిస్టోరియా అగస్టా’ అను చక్రవర్తుల చరిత్రల సంపుటము. ఇది ఆరుగురు వ్రాసినట్లు తనను తాను చెప్పుకొనును గాని, ఒక్కడే ఆరు పేర్లు పెట్టుకొని వ్రాసెననియు, మాగ్జిమినస్ చచ్చిన నూటయేబదియేండ్ల తరువాత వ్రాసెననియు నేటి పండితులలో పెక్కురు తలంచుచున్నారు. కొలతలన్నియు ఇచ్చినది ఈ రెండవ గ్రంథమే. ఎనిమిదడుగులమీద ఒక వ్రేలెడు అని యొకచోట, ఎనిమిదిన్నర అడుగులని మఱియొకచోట. దినమునకు ఒక పెద్దకూజాడు ద్రాక్షసారాయము, నలువది రాతల మాంసము. భార్య కడియము వ్రేలియుంగరమైనది యిందులోనే. గుఱ్ఱము పన్ను రాలినదియు నిందులోనే. బరువెక్కించిన బండిని ఒంటరిగా లాగెడివాడట. తండ్రి గోతుజాతివాడనియు, తల్లి ఆలాను జాతి స్త్రీ యనియు, వారి పేళ్లు మిక్కా, అబాబా అనియు కూడ ఆ గ్రంథకర్త చెప్పును. ఆ పేళ్లను నేడు నమ్మువారు అరుదు.

రోమకుల అడుగు మన యడుగుకంటె రవంత చిన్నది. ఆ లెక్కను కూడ తీసివేసినను ఎనిమిది రోమక పాదములు రమారమి ఏడు అడుగుల తొమ్మిది అంగుళములగును. అంత పొడవు మనుష్యులు లోకములో పుట్టలేదనరాదు. మెదడు క్రిందనుండు శనగగింజంత గ్రంథికి రోగము వచ్చినచో దేహము హద్దు మీఱి పెరుగుననియు, దవడయు కనుబొమలును ముందునకు పొడుచుకొని వచ్చుననియు వైద్యులు చెప్పుచున్నారు. మాగ్జిమినస్ నాణెములమీది ముఖమును చూచిన కొందఱు వైద్యులు ఆ పెద్ద గడ్డమును, ఆ నొసటిని చూపి ఇదియే ఆ రోగమని యనుమానపడిరి. కావచ్చును. పెద్దదేహము నిజము, అడుగుల లెక్క మాత్రము చాటువు. ఈ భేదమును నేనానాడు పిల్లలకు చెప్పియుండవలసినది.

ఆతడు దొరకంట బడిన కథ కూడ ఆ రెండవ పుస్తకములోనిదే. సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి తన చిన్నకుమారుడగు గేటా పుట్టినదినమున సైన్యమునకు పందెములు పెట్టెను. ఈ మోటువాడు ముందునకు వచ్చి, సరిగా రాని లాటిను భాషలో, నన్నును కుస్తీకి వదలుమని వేడుకొనెను. సిపాయిలతో పట్టించినచో సిపాయి పరువు పోవునని దండువెంట నుండు సేవకులతో పట్టించిరి. పదునాఱుగురిని వరుసగా పడగొట్టెను. మఱి కొన్నిదినములకు చక్రవర్తి గుఱ్ఱముమీద పోవుచుండగా ప్రక్కనే పరుగెత్తుచు వచ్చెను. సెవెరస్ గుఱ్ఱమును చాలదూరము తిప్పి తిప్పి, “ఇంత పరుగెత్తి ఇంకను కుస్తీ పట్టగలవా?” అనగా, సిద్ధమనెను. ఈసారి ఏడుగురు సిపాయిలు నేలగఱచిరి. బంగారు కంటె బహుమానముగా వచ్చెను. ఇది జరిగినను జరుగకపోయినను, ఒక సంగతి మాత్రము స్థిరము: వంశము లేక, విద్య లేక, సైన్యములో మెట్టుమెట్టుగా నెక్కి పైకి వచ్చినవాడు.

235వ సంవత్సరపు మార్చి నెలలో రోమక చక్రవర్తి సెవెరస్ అలెగ్జాండరు. పదుమూడేండ్ల ప్రాయమున సింహాసన మెక్కినవాడు; తల్లి జూలియా మమెయా మాట జవదాటనివాడు. రైను నదియొద్ద జర్మను జాతులతో యుద్ధము చేయవలసియుండగా ధనమిచ్చి శాంతి కొందమని వారి యాలోచన. సైనికులకది రుచింపలేదు. ఆ బంగారము తమకిచ్చినచో బాగుండునని కూడ వారి మనసులలో నుండియుండును. నేటి మైంజు నగరము దాపున దండు విడిసియుండ, క్రొత్తగా చేరిన సిపాయిలకు కవాతు నేర్పుచున్న మాగ్జిమినస్ భుజములమీద వారు రాజవస్త్రము కప్పిరి. తల్లిని కొడుకును గుడారములోనే చంపిరి.

క్రొత్త చక్రవర్తి పిఱికివాడు కాడు. సైనికుల జీతము రెట్టింపు చేసెదనని మాటయిచ్చెను. రైను దాటి జర్మనుల యడవులలోనికి చాలదూరము చొచ్చుకొనిపోయెను. బురదనేలలో శత్రువులు దాగియుండ, సైనికులు జంకుచుండగా, గుఱ్ఱము కడుపు మునుగునంత నీటిలోనికి తానే ముందు దూకెనని హెరోడియను వ్రాసినాడు. రోమకులు అంతలోపలికి ఎన్నడో పోవుట మానిరని చరిత్రకారులు చిరకాలము సందేహించిరి. 2008వ సంవత్సరమున జర్మనీలో హార్ట్జ్‌హోర్న్ అను గుట్టయొద్ద రోమక బాణపు ములుకులు, బల్లెములు, నాణెములు దొరకినట్లు వెల్లడియై, ఆ యుద్ధము ఈ కాలమునకే చేరునని తేలుటతో హెరోడియను మాటకు విలువ హెచ్చినది. పొడవు కొలిచిన పుస్తకము కథలు చెప్పెను. కొలవని పుస్తకము నిజము చెప్పెను.

అయితే జీతములకు ధనమెక్కడిది? ధనికుల యాస్తులు పోయెను. తరువాత నగరములయందు ధాన్యము పంచుటకును, ఉత్సవములకును దాచిన సొమ్ము పోయెను. పిమ్మట దేవాలయములలోని కానుకలను, విగ్రహములను కరగించి నాణెములు కొట్టిరి. తన గెలుపులను పెద్దపెద్ద పటములుగా వ్రాయించి రోములో పెద్దలసభ ముందు నిలిపించెనేగాని, చక్రవర్తియైన తరువాత ఆ నగరములో అడుగైన పెట్టలేదు. 238లో ఆఫ్రికాయందలి థిస్‌డ్రస్ పట్టణమున, పన్నులవాని దౌర్జన్యమునకు తాళలేని పిన్నవయసు భూస్వాములు తమ పాలేర్లచేతికి కఱ్ఱలు గొడ్డళ్లు ఇచ్చి వానిని చంపించి, ఎనుబదేండ్ల ముదుసలి గార్డియనును చక్రవర్తిగా ప్రకటించిరి. పెద్దలసభ అవునన్నది. మూడువారములకే ఆ ముసలివాడును కొడుకును నశించిరి. సభవారు వెనుకకు తగ్గక తమలోనుండి ఇద్దఱు వృద్ధులను నిలిపిరి. మాగ్జిమినస్ కోపముతో ఇటలీమీదికి దండెత్తి వచ్చి, త్రోవలో అక్విలేయా పట్టణపు కోట ముందు చిక్కుకొనెను. ఊరివారు కోట తలుపులు మూసిరి. వింటినారులు చాలనందున స్త్రీలు తమ జుట్టు కోసి యిచ్చిరని యొక కథ. దండులో తిండిలేదు. కొందఱు సైనికుల యాలుబిడ్డలు రోము చెంతనే యుండిరి; వారికేమగునోయని బెంగ. ఒకనాటి మధ్యాహ్నము, ఎవరు రాజవస్త్రము కప్పిరో ఆ సైనికజాతివారే గుడారములో దూరి ఆతనిని, ఆతని కొడుకును చంపి తలలు రోమునకు పంపిరి. అది మొదలు ఏబదియేండ్లు రోములో సైన్యము రాజును నిలుపుటయు, సైన్యమే రాజును దించుటయు వాడుకయైపోయెను.

ఇక నా తప్పునకు వచ్చెదను. ఉద్యోగమునుండి విరమించుటకు కొంచెము ముందు, 1900వ సంవత్సరమున రాబర్టు స్యూవెలు ప్రకటించిన విజయనగర చరిత్ర నా చేతబడెను. అందులో డొమింగో పేసు, ఫెర్నాఁవ్ నూనిజు అను పోర్చుగీసువారి వ్రాతలున్నవి. పేసు కృష్ణదేవరాయలను కన్నులార చూచినవాడు. ఏమని వ్రాసెను? రాయలు మధ్యమమైన పొడవువాడు, పచ్చని చాయవాడు, చక్కని దేహము, సన్నమనుటకంటె కొంచెము స్థూలమనవలెను, ముఖమున స్ఫోటకపు మచ్చలున్నవి. నేను పుస్తకము మూసి కొంతసేపు కూర్చుంటిని. నా యేడడుగుల రాయలెక్కడ, ఈ మచ్చల ముఖపు మధ్యముడెక్కడ! ఆయన తెల్లవాఱకముందే నువ్వులనూనె త్రాగి, ఒడలికి నూనె పట్టించి, మట్టితో చేసిన బరువులెత్తి, కత్తి త్రిప్పి, మల్లునితో కుస్తీపట్టి, గుఱ్ఱమెక్కి తెల్లవాఱువఱకు స్వారి చేసెడివాడని కూడ పేసు వ్రాసెను. ఇంత చెప్పదగిన సంగతి యుండగా నేను మోకాళ్లను దాకు చేతులు చెప్పితిని. ఆజానుబాహువనునది మా పండితులకు రాజశబ్దమునకు ప్రక్కన దానంతటనే వచ్చి నిలుచు విశేషణము. రోములో ఆ చరిత్రకారుడు చేసినదియు, రేణిగుంటలో నేను చేసినదియు ఒక్కటే.

పొడవు సంగతి యటుండ, మాగ్జిమినస్ వలె సైన్యబలముతో సింహాసన మెక్కినవాడు మనలో నెవడని అడిగినచో, జవాబు సాళువ నరసింహరాయలు. చంద్రగిరి ఆయన స్థానము. ఇప్పుడక్కడ చూడబోవువారు రాజమహలును చూచి ఆయన యిల్లని తలంతురు. అది తరువాతి కాలపు కట్టడము. ఆయన కోట ఆ కొండయే.

సాళువమనగా డేగ. పదునాలుగవ శతాబ్దమున బుక్కరాయల కుమారుడగు కంపరాయలు మధురమీదికి దండెత్తినప్పుడు ఆయన వెంట పోయి పేరుగాంచిన సాళువ మంగి యీ వంశమువాడు. గుండరాజు కొడుకగు నరసింహుడు 1450 తరువాతి దశాబ్దమునకే ఈ సీమలో ప్రబలుడై కనబడుచున్నాడు. గొఱ్ఱెలు కాచిన వంశము కాదు. కావున మాగ్జిమినస్‌తో పోలిక ఇక్కడ చెల్లదు, చెల్లినట్లు నటింపను.

కాని సామ్రాజ్యపు స్థితి చూడుడు. తూర్పున కటకపు గజపతులు 1464 నాటికి కంచి దాటి కావేరివఱకు వచ్చి పోయిరి. 1472లో గోవా బహమనీల వశమాయెను. ఆ రేవుతో అరబ్బీ గుఱ్ఱముల రాకయు పోయెను. 1481లో బహమనీ సుల్తాను గుఱ్ఱపుదండు ఉన్నట్టుండి కంచిమీద పడి దోచుకొనెను. ఆ దోపిడిదండు తిరిగిపోవుచుండగా నరసింహుని సేనాని తుళువ ఈశ్వరనాయకుడు కందుకూరియొద్ద అడ్డగించి కొట్టెను. నంది మల్లయ, ఘంట సింగయ కవులు తమ వరాహపురాణములో దీనిని వర్ణించియున్నారు. ఈ దెబ్బలన్నియు కాచుకొన్నది చంద్రగిరి ప్రభువు. విజయనగరమున నున్న విరూపాక్షరాయలు మాత్రము మద్యమునందును అంతఃపురమునందును మునిగియుండెనని నూనిజు చెప్పినాడు.

1485లో విరూపాక్షుని పెద్దకొడుకు తండ్రిని చంపెను. చంపిన పిదప, రాజ్యము న్యాయముగా నాదేయైనను తండ్రిని చంపినవాడను గనుక నాకు తగదని తమ్మునికిచ్చెనట. మంత్రులు ఆ తమ్మునితో, తండ్రిని చంపినవాడు నిన్ను విడుచునా యనిరి. తమ్ముడు అన్నను చంపించెను. ఈ ప్రౌఢరాయలు తండ్రిని మించిన విలాసి యాయెను. అప్పుడు నరసింహుడు తోడి దండనాథులతో మాటలాడి, తన సేనానిని విజయనగరముమీదికి పంపెను. ఆ తరువాతి ముచ్చట నూనిజు వ్రాసినంత బాగుగా ఏ కావ్యములోను లేదు. సేనాని నగరద్వారముల చెంతకు వచ్చినాడు; కాచువాడు లేడు. లోపలికి పోయినాడు, అడ్డువాడు లేడు. కోటలోనికి, నగరులోనికి, అంతఃపురమువఱకు నడచినాడు. ఎదిరించిన మగవాడొక్కడు లేడు. రాజు నమ్మలేక నమ్మి, మఱియొక ద్వారమున పాఱిపోయినాడు. 1336లో వెలసిన సంగమవంశము ఆ విధముగా ముగిసెను. ఒక సామ్రాజ్యము ఎట్లు పోవునని యడిగినచో, కాపలావాడు లేని ఆ తలుపులను నేను పిల్లలకు చూపియుండవలసినది. ఆ సేనాని ఈశ్వరనాయకుని కొడుకైన నరసనాయకుడని చరిత్రకారులు సాధారణముగ చెప్పుదురు. ఆ పేరును జ్ఞాపకముంచుకొనుడు.

నరసింహరాయలు రాజై మొదట చూచినది గుఱ్ఱముల సంగతి. పడమటి తీరమున తుళునాటి రేవులను గెలిచి హోర్ముజునుండియు, ఆదెనునుండియు గుఱ్ఱములు తెప్పించెను. వర్తకులు అడిగిన వెల యిచ్చెను. వేయి వరహాలకు మూడు గుఱ్ఱములు కొనెడివాడట, బ్రదికినవైనను చచ్చినవైనను. సముద్రములో చచ్చిన గుఱ్ఱమునకు తోక తెచ్చి చూపినచో చాలును. బ్రదికినదానికిచ్చు వెలయే యిచ్చెను. మా యూరి వర్తకులు విన్నచో వెఱ్ఱియందురు. కాని ఓడలోని నష్టము వర్తకునిదైనంతకాలము వాడు వెఱచి వెఱచి కొద్దిగుఱ్ఱములే తెచ్చును. నష్టము రాజుదైనచో ఓడనిండ తెచ్చును, అదియు ఈ రేవుకే తెచ్చును, శత్రువు రేవుకు పోడు. కాపలా లేని తలుపులనుండి ఈ యెత్తుగడ వఱకు ఎంత దూరమో చూచితిరా!

మాగ్జిమినస్ కరగించినది దేవుని సొమ్ము. నరసింహుడు సమర్పించినది దేవునికే. రాజు కాకముందే ఆయన తిరుమల తిరుపతులయందు రామానుజకూటములు స్థాపించి, యాత్రకు వచ్చు వైష్ణవులకు అన్నము పెట్టించి, ఆ పనిని కందాడ రామానుజయ్యంగారికి అప్పగించెను. గ్రామములు ధారపోసెను. స్వామిపుష్కరిణి నడుమ మండపము ఆయనదే. సంపంగిప్రదక్షిణపు నాలుగు మూలల మండపములకు నేటికిని సాళువ నరసింహుని పేరే. 1933లో దేవస్థానమువారు తమ శాసనములను అచ్చువేయించినప్పుడు ఈయన కాలపు శాసనములకే ఒక సంపుటము పట్టెను. ఇది భక్తి కాదనను. భక్తితోపాటు వేఱొకటియు నుండియుండును. వంశమునుబట్టి రాజ్యము రానివానికి ప్రజలకన్నుల యెదుట ఏదో యొక యండ కావలెను. రోములోని మోటువానికి ఆ యండ యుద్ధపు పటములు. చంద్రగిరి ప్రభువునకు ఏడుకొండలు.

కవులును ఆయనకు అండయే. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు జైమిని భారతమును ఆయనకంకితము చేసెను. రాజనాథ డిండిముడు సంస్కృతమున సాళువాభ్యుదయమును రచించెను. అడిగినను పాడనివాడొక్కడే, తాళ్లపాక అన్నమాచార్యుడు. దేవునిమీద పాడినట్లు తనమీద పాడుమని నరసింగరాయలు కోరగా ఆయన చెవులు మూసికొనెననియు, రాజు కోపించి సంకెళ్లు వేయించెననియు, ఆయన స్వామిని తలచి పాడగా అవి ఊడిపడెననియు మనుమడు చిన్నన్న వ్రాసియున్నాడు. సంకెళ్లు ఊడుటను భక్తులు నమ్ముదురు, నేనును నమ్ముదును. చరిత్రోపాధ్యాయుని గంటలో మాత్రము, అంతటి రాజు ఒక కవినోట తన పేరు వినవలెనని అంతగా తహతహలాడెనను ముక్కయే చాలును. వారసత్వముగా వచ్చిన రాజునకు ఆ యాకలి ఉండదు.

సింహాసనముమీద ఆయన యున్నది ఆఱేండ్లు మాత్రమే. సుమారు 1489లో ఉదయగిరియొద్ద పురుషోత్తమ గజపతికి చిక్కి, ఆ దుర్గమునే విడిచిపెట్టి విడుదల పొందెను. 1491లో అవసానకాలమున నరసనాయకుని పిలిచి, రాచూరు, ఉదయగిరి, కొండవీడు అను మూడుకోటలు తాను సాధింపలేకపోతినని చెప్పి, పసివారగు తన కొడుకులను, రాజ్యమును ఆయన చేతబెట్టెనని నూనిజు చెప్పును. ఏ సేనాని కాపలాలేని తలుపులలో నడచి సింహాసనమును తెచ్చియిచ్చెనో, ఆ యింటికే బిడ్డలను అప్పగింపవలసివచ్చెను. పెద్దవాడు హత్యకు గురియాయెను. చేసినవాడు నరసనాయకుని శత్రువట. రెండవవాడగు ఇమ్మడి నరసింహుడు పేరునకు రాజు, నిజమునకు పెనుగొండలో బందీ. 1503లో నరసనాయకుడు చనిపోయెను. 1505లో ఆయన కొడుకు వీరనరసింహుని ప్రేరణమున ఇమ్మడి నరసింహుడు పెనుగొండలోనే చంపబడెను. వీరనరసింహుని తమ్ముడే మన కృష్ణదేవరాయలు.

ఈ సంగతి చెప్పుటకు మా పండితులకు నోరు రాదు. సాళువ నరసింహుడు చూపిన త్రోవనే తుళువవారు నడచిరి. ఆ తుళువవారి వెనుక అళియ రామరాయలు. కాని మఱియొక సంగతియు కలదు. ఉదయగిరి 1514లో, కొండవీడు 1515లో, రాచూరు 1520లో కృష్ణరాయలు పట్టినవి. మంచముమీదనుండి సాళువ ప్రభువు చెప్పిన మూడుపేళ్లును అవియే. రక్తము వేఱైనను అప్పు తీఱినది. మాగ్జిమినస్ వెనుక అటువంటి అప్పు తీర్చినవాడు లేడు. పోర్చుగీసువారు, ఇతర ఐరోపావారు చాలకాలమువఱకు విజయనగర రాజ్యమును ‘నరసింగ రాజ్య’మనియే వ్రాయుచుండిరి. ఆఱేండ్లు ఏలినవాని పేరు దేశమునకు పేరాయెను.

మొన్నటి సంక్రాంతికి ఆ తాటిచెట్టు మా యింటికి వచ్చెను. ఇప్పుడు రైల్వేలో ఉద్యోగి. మా ద్వారబంధము క్రింద తల వంచినగాని లోపలికి రాలేడు. వెంట ఎనిమిదేండ్ల కూతురు. ఆ పిల్ల వచ్చీ రాగానే, “తాతా, కృష్ణదేవరాయలు మా నాయనకంటె పొడుగంట గదా?” అని యడిగెను. నాకు తల కొట్టివేసినట్లాయెను. ఉన్నమాట చెప్పితిని. తండ్రి మొగము చిన్నబుచ్చుకొని, “అయితే ఇన్నాళ్లూ పాపకు అబద్ధం చెప్పినానా అయ్యవారూ?” అనెను. “నేను చెప్పినదే నీవు చెప్పినావు, నాయనా. ఆ పాపము నాది” అంటిని. మఱునాటి ఆదివారము ముగ్గురము చంద్రగిరికి రైలెక్కితిమి. తిరుపతి దాటగానే వాడు, “సాళువ నరసింహరాయలైనా పొడుగేనా?” అని మెల్లగా అడిగెను. “పొడుగు మాట వదలిపెట్టు. సముద్రములో చచ్చిన గుఱ్ఱమునకు కూడ వెల యిచ్చినాడు, అది చెప్పు పాపకు” అంటిని.

కిటికీలోనుండి కొండను చూచుచున్న పిల్ల తల త్రిప్పి, “సచ్చిపోయిన గుర్రానికి దుడ్డెందుకు తాతా?” అనెను. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పి ముగించునప్పటికి చంద్రగిరి స్టేషను వచ్చెను.